శాలువా కోసం కొమ్మ దిగిన కొండముచ్చు

ఆ యేడు ఎండలు ఎంతలా మండాయంటే, ఏదులకొండ మీద రాళ్ళు కూడా ఒకదాని నీడలోకి ఒకటి జరిగి కూర్చున్నాయి. గాలి వెళ్ళి కొండ వెనక పడుకుంది, ఎంత పిలిచినా లేవలేదు. వాగులు ఎండాయి, చెలమలు ఎండాయి, ఎండమావులు కూడా ఎండిపోయాయి. అడవి మొత్తానికి మిగిలింది ఒక్క మేడిమడుగు.

మడుగుకి రెండు గట్లు. కుడిగట్టున ఊబి, ముళ్ళపొదలు. అక్కడ చుక్కలదొర అనే చిరుతపులి కాపురం. ఎడంగట్టున గులకరాళ్ళ మేట, దాన్ని ఆనుకుని తాటిచెట్టంత మేడిచెట్టు. దుప్పులూ, కుందేళ్ళూ, అడవిపందులూ అక్కడే నీళ్ళకి దిగేవి. రెండు గట్లనీ కలుపుతూ మడుగు కొసన నిలువెత్తు తుంగ పెరిగి ఉండేది. దొర రావాలంటే ఆ తుంగలోంచే పాక్కుంటూ రావాలి.

ఎడంగట్టు వాళ్ళంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘానికి గుర్తు మోదుగుపువ్వు. ఎర్రటి పువ్వు ఒక్కొక్కటి చెవి వెనక పెట్టుకుని తిరిగేవాళ్ళు. సంఘం మాట ఒక్కటే: నీళ్ళు అందరివీ. దొరగారి మాటా ఒక్కటే: నీళ్ళు మీవే, మీరు మాత్రం నావాళ్ళు.

సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. కాపలా కాసి అరిచేవాళ్ళు, మిగతా అందరూ తాగి వెళ్ళాకే తాగాలి. నీళ్ళలో మూతి పెట్టినవాడికి వెనక ఏం వస్తోందో కనపడదు కదా, అందుకని.

ఆ కాపలాకి ఇద్దరున్నారు. పైన మాచయ్య అనే కొండముచ్చు. కింద తిత్తమ్మ అనే తీతువుపిట్ట.

మాచయ్య తోక ఎంత పొడుగంటే, పొద్దున దాని మొదట్లో వాలిన ఈగ నడుచుకుంటూ పోతే పొద్దుగూకేసరికి గాని కొసకి చేరేది కాదు. మేడిచెట్టు చిటారుకొమ్మన కూర్చునేవాడు. ఆ కొమ్మ ఎంత సన్నమంటే మాచయ్యని మొయ్యడానికే మూలిగేది, ఇక చిరుత పాదం పెడితే మిగిలేది కాదు. అక్కణ్ణించి చూస్తే తుంగలో ఒక్క ఆకు అదిరినా తెలిసిపోయేది. అదిరిందా, "ఖక్" అనేవాడు. అంతే, ఆ ఒక్క ముక్కే. ఆ ముక్క చెవిన పడ్డ దుప్పులు పక్క జిల్లాలో తేలేవి.

తిత్తమ్మకి చెట్టుమీద వాలడం రాదు, తీతువులెవరికీ రాదు. గులకరాళ్ళ మధ్యే నాలుగు గుడ్లు పెట్టి, ఇవీ రాళ్ళే అన్నట్టు వాటిమీద కూర్చునేది. ముక్కు పైన ఎర్రటి తోలు పుట్టుకతోనే ఉండడం వల్ల మోదుగుపువ్వు పెట్టుకోవడం ఆవిడకి గుర్తుండేది కాదు. ఇక గొంతంటారా, ఆ గొంతు వింటే పితుకుతున్న పాలు పొదుగులోనే విరిగేవి. తీతువు కూస్తే కీడని మనుషులు తలుపులు వేసుకుంటారు చూశారూ, అడవిలోనూ అదే వరస. పెళ్ళికీ పేరంటానికీ ఆవిణ్ణి పిలిచినవాళ్ళు లేరు. కాని నీళ్ళకి దిగే ముందు మాత్రం ప్రతివాళ్ళూ, "తిత్తమ్మ ఉందా?" అని అడిగే దిగేవాళ్ళు.

వీళ్ళిద్దరి ధర్మమా అని చుక్కలదొర చిక్కిపోయాడు. ఒళ్ళు ముడుచుకుని చుక్కలన్నీ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి గీతలైపోయాయి. దూరంనించి చూసినవాళ్ళు పెద్దపులి అనుకుని దండాలు పెట్టేవాళ్ళు. ఆ దండాలతో కడుపు నిండుతుందా?

దొర దగ్గర నాంచారయ్య అనే నక్క కొలువుండేవాడు. దొర తినగా మిగిలింది తినడం అతని ఉద్యోగం. దొరకే లేకపోతే మిగిలేదేముంది, అతనూ ఎండుతున్నాడు.

"నాంచారయ్యా, పీతలు తింటున్నానోయ్," అన్నాడు దొర. "పొద్దున ఒకటి నన్నే తినబోయింది."

"చూశానండి. ముక్కు వాచింది."

"ఆ కొండముచ్చు నోరు మూయించే దారి చూడు."

"మూయించకండి దొరా. మూయిస్తే వాడు అమరుడైపోతాడు. రేపు వాడి పేరు చెప్పుకుని నూరు కోతులు అరుస్తాయి. ఇంకా తెరిపిద్దాం."

"తెరిపించడమేమిటి?"

"ఎంత తెరుచుకుంటే అంత తెరవనిద్దాం. పొద్దస్తమానం అరవనిద్దాం. మీ మీద తప్ప."

దొర గడ్డం గోక్కున్నాడు. "నా మీద అసలు అరవకపోతే జనం నమ్మరోయ్. మొత్తం చిరుతజాతి మీద అరవమను, నేనేం అనుకోను. నేను తుంగలో ఉన్నప్పుడు మాత్రం వద్దను."

నాంచారయ్య దొర పాదాలు కళ్ళకద్దుకున్నాడు. "తమరు ఇంత చదువుకున్నారని నాకు తెలీదండి."

మర్నాడు నక్క మేడిచెట్టు కిందికి వచ్చి మెడ వెనక్కి విరుచుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, నమస్కారం."

అడవి పుట్టినప్పటినించీ కొండముచ్చుని మాస్టారూ అన్నవాళ్ళు లేరు. మాచయ్య చుట్టూ చూసుకున్నాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"దొర పంచన బతికేవాడివి, నాతో నీకేం పని?" అన్నాడు.

"అది పొట్టకూటి కోసమండి. మనసులో నేనూ మీ అభిమానినే. మొన్న మీరు ఖక్ అన్నారే, ఆ ఖక్ నా జీవితాన్ని మార్చేసింది. కాని ఒక్క ముక్కతో ఆపేస్తారేమండీ? వివరించరూ?"

"వివరించేదేముంది? చిరుత వస్తే ఖక్ అంటాను."

"అదండీ వినయమంటే. పై అడవుల్లో మీలాంటివారికి పీఠాలు వేసి కూర్చోబెడుతున్నారు. మీరేమో ఇక్కడ పుల్ల మీద ఎండలో ఊగుతున్నారు. ఆ నడికొమ్మ చూడండి, పీటలా ఎంత వెడల్పుగా ఉందో. నీడ ఉంది, పళ్ళు చేతికందుతాయి. మీ మాట కింద ప్రతివాళ్ళకీ వినపడుతుంది. అంత పైనుంచి అయితే సగం గాలికి కొట్టుకుపోతోంది."

"గాలి లేదుగా."

"ఉంటే పోయేదే కదండీ."

మాచయ్య ఆలోచించాడు. ఆలోచిస్తున్నంతసేపూ తోక కొస ముద్దుగా ఊగింది. తోక ఊగిందంటే లోపల ఒప్పుకున్నట్టే. సాయంత్రానికి నడికొమ్మ మీదికి దిగాడు. దిగాడని నేనంటున్నాను గాని, మాచయ్య లెక్కలో అది ఎక్కడమే.

నడికొమ్మ నించి చూస్తే జనం బాగా కనపడేవాళ్ళు. తుంగే కనపడేది కాదు, ఆకులు అడ్డం. మాచయ్యకి అది పెద్ద లోటనిపించలేదు. పొద్దున్నే ఉపన్యాసం మొదలుపెట్టేవాడు. ఏడు కొండల అవతల ఎప్పుడో ఒక పెద్దపులి ఉండేదట. మాచయ్య తాతకి పాలపళ్ళు ఊడకముందే అది ముసలితనంతో మంచాన పడి పోయింది. ఆ పోయిన పులిని మాచయ్య రోజూ లేపి, రోజూ చీల్చి, రోజూ ఆరేసేవాడు. అబ్బ, ఏం ధైర్యం అనుకునేవి కుందేళ్ళు.

చెవి వెనక మోదుగుపువ్వు గుత్తయింది. గుత్తి దండయింది. చూస్తుండగానే మాచయ్య మొహం తప్ప అన్నీ ఎరుపే అయిపోయి, తేనెటీగలు చెట్టనుకుని వచ్చి పట్టు కట్టబోయాయి. ఇంత మాట్లాడితే గొంతు ఆరదా మరి? అందుకని అందరికన్నా ముందు తనే దిగి నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు.

"కట్టుబాటు కదయ్యా, కాపలావాళ్ళు ఆఖర్న కదా?" అని ఒక అడవిపంది అడిగింది.

"నా గొంతు నాది కాదు, సంఘం ఆస్తి. సంఘం ఆస్తిని ఎండబెడతానంటావా?" అన్నాడు మాచయ్య. పంది సిగ్గుపడి పక్కకి తప్పుకుంది.

ఒకనాడు అలాగే ఉపన్యాసం మంచి రసపట్టులో ఉంది. తుంగ కదిలింది. ఖక్ రాలేదు. ఆఖరి క్షణంలో తిత్తమ్మ చూసి గొంతు చించుకోబట్టి సరిపోయింది గాని, లేకపోతే పోలమ్మ మనవరాలు ఆ పూటే అయిపోయేది. పోలమ్మంటే ఎడంగట్టులో అందరికన్నా ముసలి దుప్పి, నిండు చెవుడు. ఆవిడ మనవరాలు పాలు తాగే పిల్ల. దాని తోక కొస దొర పళ్ళ మధ్య ఉండిపోయింది.

తిత్తమ్మ నడికొమ్మ ఎదురుగా గాల్లో రెక్కలాడిస్తూ నిలబడింది.

"మాచన్నా, ఖక్ అనలేదే?"

"ఉపన్యాసంలో ఉన్నానమ్మా."

"దేనిమీద?"

"పులితత్వం మీద."

"ఇక్కడ చిరుతొచ్చి పిల్ల తోక కొరుక్కుపోయింది."

"నేననేదీ అదే. తోకల గురించి మాట్లాడుకుంటూ కూర్చుంటే అసలు సమస్య మరుగున పడిపోతుంది. చిరుత అనేవాడు ఒక వ్యక్తి. పులితత్వం వ్యవస్థ."

"ఆ వ్యవస్థకి పళ్ళున్నాయా?"

"నీకు అర్థం కాదు తిత్తమ్మా. నేను లోపల ఉండి మార్పు తెస్తున్నాను. మొన్న నా ఉపన్యాసం దొర మొదటినించి చివరిదాకా విన్నాట్ట. నాంచారయ్య చెప్పాడు."

"ఎక్కడ కూర్చుని విన్నాడు?"

మాచయ్య తుంగవైపు చూడబోయాడు. ఆకులు అడ్డొచ్చాయి.

"నీకెప్పుడూ ఆ ఒక్క కూతే," అన్నాడు విసుగ్గా. "కాస్త గొంతు మెత్తన చేసుకుంటే నీకూ ఎక్కడో ఒక కొమ్మ చూసిపెట్టేవాణ్ణి."

"నాకు కొమ్మమీద వాలడం రాదన్నా," అంది తిత్తమ్మ, తన రాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

తరవాత బిరుదు వచ్చింది. ఆస్థాన ధిక్కార కేసరి. దొర కొలువులో దొరని ధిక్కరించడానికి దొరే వేసిన ఉద్యోగం అన్నమాట. ఆ బిరుదుతో పాటు మర్రిమానంత కిరీటం కూడా చేయించాడు నాంచారయ్య, తామరాకులతో. కాని దాన్ని తలమీద పెట్టాలంటే మాచయ్య అన్నిటికన్నా కిందున్న పంగలోకి రావాలి, నక్కకి చెట్టెక్కడం రాదు కదా. వచ్చాడు. పెట్టించుకున్నాడు. ఆ పంగ సరిగ్గా నీళ్ళమీదికి వంగి ఉంటుంది. అక్కణ్ణించి చూస్తే తుంగా కనపడదు, జనమూ కనపడరు. ఎటు చూసినా నీళ్ళలో మాచయ్యే కనపడతాడు. అంత అందమైన చోటు అడవిలో ఇంకోటి లేదనిపించింది అతనికి.

ఇక మిగిలింది సన్మానం.

"గులకరాళ్ళ మేట మధ్యన బండ ఉంది కదండీ, దానిమీద చేద్దాం," అన్నాడు నాంచారయ్య. "శాలువా కప్పుతాం."

"ఎవరు కప్పుతారు?"

"ముఖ్య అతిథి. దొరవారే."

మాచయ్య మొహం నల్లబడింది. అసలే నలుపు కాబట్టి మసిలో మసి కలిసినట్టయింది.

"ఆయన వస్తాడా?"

"శాలువా కప్పి వెళ్ళిపోతారు. మీరు ధిక్కరించిన దొరే వచ్చి మీ భుజాలమీద శాలువా కప్పితే, ధిక్కారానికి ఇంతకన్నా గెలుపేముందండీ?"

"జనం ఉంటారు కదా."

"జనం లేకపోతే అది సన్మానం ఎలా అవుతుంది మాస్టారూ?"

"అయితే వాళ్ళకి ముందుగా ఒక మాట చెప్పాలేమో."

"చెబితే రారు. రాకపోతే శాలువా ఎవరు చూస్తారు?"

ఒక్క పూటే కదా, కప్పి వెళ్ళిపోతాడని నక్క మాటిచ్చాడు కదా, ఇదంతా జనం మంచికే కదా అని మాచయ్య నీళ్ళలో కనపడే మాచయ్యకి చెప్పుకున్నాడు. నీళ్ళలో మాచయ్య తల ఊపాడు.

శాలువా పని గిజిగాళ్ళకి అప్పజెప్పాడు నక్క. కాలం కాని కాలంలో పని దొరికిందని గిజిగాళ్ళు ఎగిరి గంతేశాయి.

"శాలువా అంటే ఏవిటండీ?" అని అడిగింది గిజిగాళ్ళ మేస్త్రి.

"ఒంటినిండా కప్పుకునేదయ్యా. పెద్దది నెయ్యండి." అంతకన్నా చెప్పే తీరిక నక్కకి లేదు.

పాపం గిజిగాళ్ళకి తాతముత్తాతల నించి వచ్చిన అల్లిక ఒక్కటే. పైన బుడగ, కింద సన్నటి గొట్టం. దూరితే ఒళ్ళంతా కప్పేస్తుంది కదా, ఇంతకన్నా శాలువా ఏముంటుంది అనుకున్నాయి. అడవిలో ఉన్న గడ్డంతా పీకి, కొండంత గూడు అల్లి, నీటుగా మడతపెట్టి తెచ్చిచ్చాయి. మడతమీద చూస్తే పట్టుశాలువాకి ఏమాత్రం తీసిపోదు.

అది చంకన పెట్టుకుని నాంచారయ్య గులకరాళ్ళ మేట దగ్గరికి వచ్చాడు.

"తిత్తమ్మ పిన్నీ, రేపు సభ ఇక్కడే."

"ఇక్కడ నా గుడ్లున్నాయి. రేపో మాపో పిల్లలవుతాయి, కదిలించడానికి లేదు."

"కదిలించమని ఎవరన్నారు? నీకు మొదటి వరసే ఇచ్చాను. దుప్పులన్నీ నీ గుడ్ల చుట్టూ ఒద్దికగా పడుకుంటాయి. నువ్వు నోరు మెదపనంతసేపూ ఒక్కటీ లేవదు." నక్క తన పంజా తీరిగ్గా నాకుతూ కూర్చున్నాడు. "నోరు మెదిపావనుకో, అన్నీ ఒక్కసారే లేస్తాయి. ఒక్కో దుప్పికి నాలుగు గిట్టలు పిన్నీ. నీకున్నవి నాలుగే గుడ్లు."

నక్క వెళ్ళాక తిత్తమ్మ లెక్క వేసుకుంది. అరవాల్సిన పనే లేకపోతే అరవొద్దని చెప్పడానికి ఇంత దూరం ఎందుకొస్తాడు? దొర వస్తున్నాడన్నమాట. లేచి, కనపడ్డవాళ్ళందరికీ చెప్పింది.

"సభకి రావద్దర్రా. దొర వస్తాడు."

"శుభమా అని సన్మానం చేస్తుంటే ఆ మాటలేవిటి?" అంది ఒక దుప్పి. "మాచయ్య ఉన్నాడుగా, దొర వస్తే అరవడూ?"

"ఆవిడకి శాలువా రాలేదని కుళ్ళు," అంది ఒక కుందేలు.

ఆఖరికి పోలమ్మ దగ్గరికి వెళ్ళింది. "అత్తా, నా గుడ్లు మధ్యలో ఉంటాయి. నేను అరవాల్సొస్తుంది. అరిస్తే అందరూ తొక్కుకుంటూ పరిగెడతారు."

"ఆఁ?" అంది పోలమ్మ, నెమరేస్తూ.

"ఏమీ లేదత్తా," అని తిత్తమ్మ వెళ్ళి గుడ్లమీద కూర్చుంది.

మర్నాడు సాయంత్రం సభ కిక్కిరిసింది. ఇసకేస్తే రాలనంత జనం. గుడ్లకి చుట్టూతా దుప్పులు, మధ్యలో రెక్కలు పరుచుకుని తిత్తమ్మ. పోలమ్మ ఆవిడ పక్కనే చతికిలబడింది, తోక తెగిన మనవరాలు ఆవిడ పొట్టకి ఆనుకుని ఉంది. నాంచారయ్య స్వాగతోపన్యాసం ఎంత పొడుగంటే, మొదలుపెట్టినప్పుడు పిందెలుగా ఉన్న మేడికాయలు ముగించేసరికి పండి రాలాయి. మాచయ్య దండలు సర్దుకుంటూ పంగలోంచి బండమీదికి దిగాడు. అతని కింద ఇక కొమ్మ లేదు.

"ఇప్పుడు ముఖ్య అతిథిగారు వెనకనించి వచ్చి శాలువా కప్పుతారు," అన్నాడు నక్క. "అందాకా సభ్యులంతా కళ్ళు మూసుకుని, మౌనంగా మాస్టారి సేవల్ని తలుచుకోవాలి."

"బతికున్నవాళ్ళకి మౌనం పాటించడమేమిటయ్యా?" అంది అడవిపంది.

"అడ్వాన్సుగా," అన్నాడు నాంచారయ్య.

అందరూ కళ్ళు మూసుకున్నారు, మాచయ్య అందరికన్నా గట్టిగా. తిత్తమ్మ కళ్ళు తెరుచుకునే ఉంది. తుంగలో ఒక ఆకు అదిరింది. తరవాత రెండోది. మూడో ఆకు వెనక ఒక చుక్క కనపడింది, ఆ చుక్క వెనక ఇంకో చుక్క. దొర శాలువా నోట కరుచుకుని, పొట్ట నేలకి రాసుకుంటూ వస్తున్నాడు. వస్తూ వస్తూ ఒక కన్ను మాచయ్య వీపు మీద, ఒక కన్ను పోలమ్మ మనవరాలి మీద పెట్టాడు.

అప్పుడే తిత్తమ్మ పొట్ట కింద ఒక గుడ్డు కదిలింది. లోపల్నించి చిన్న ముక్కు పెంకుని టక్కుటక్కున కొడుతోంది. ఇంకాస్త ఆగితే బయటికొచ్చేస్తుంది. ఇంకాస్త ఆగితే చాలు. తిత్తమ్మ ఒక్కసారి ఆ గుడ్డుని ముక్కుతో తాకింది. రాళ్ళ మధ్యకి ఇంకొంచెం నొక్కింది. చుట్టూ ఉన్న గిట్టలన్నిటినీ చూసింది.

చూసి, లేచింది.

"తిత్తిరీ. తిత్తిరీ. తిత్తిరీ."

ఆ కూతకి మడుగులో నీళ్ళు జానెడు వెనక్కి జరిగాయి. ఎక్కడో పట్నంలో ఎవరో పెద్దాయన చేతిలో కాఫీ తొణికింది. దుప్పుల మంద మొత్తం ఒక్క దెబ్బన లేచింది, దుమ్ము ఆకాశానికి తగిలి కిందపడింది.

మాచయ్య కళ్ళు తెరిచి వెనక్కి తిరిగాడు. జానెడు దూరంలో శాలువా కరుచుకున్న నోరు ఉంది. ఇన్నాళ్ళూ ఏడు కొండల అవతల వెతికిన వ్యవస్థ మొత్తం ఒక్కచోట, పళ్ళతో సహా కనపడింది. ఇక చూడాలి ఆ దూకుడు. పంగని ముట్టుకోలేదు, నడికొమ్మని పలకరించలేదు, దండలు ఒకవైపూ కిరీటం ఒకవైపూ ఎగిరిపోతుండగా ఒక్క గెంతులో చిటారుకొమ్మన ఉన్నాడు.

దొర శాలువా విదిలించి రెండు పంజాలతో మీదికి ఉరికాడు. శాలువా విచ్చుకుంది. విచ్చుకుని బుడగయింది. మాచయ్య లేని చోటికి దొర తల వెళ్ళింది, దొర తల చుట్టూ గూడు వచ్చింది. లాక్కుందామని చూసినకొద్దీ సన్నటి గొట్టంలోకి మెడ దిగింది. గిజిగాళ్ళ అల్లిక, తుపానుకే ఊడదు, చిరుతకి ఊడుతుందా? "నాంచారయ్యా, దీపం ఆర్పిందెవర్రా?" అని దొర లోపల్నించి కేకలు. నాంచారయ్య దొర తోక పట్టుకు లాగబోయి, ఆ తోక చెంపదెబ్బలకి అవతలిగట్టు ముళ్ళపొదలో పడ్డాడు.

గుడ్డిగా గెంతుతూ దొర సరాసరి గుడ్లవైపే వచ్చాడు. తిత్తమ్మ కిందికి దూసుకొచ్చింది, దుమ్ములో ఏమీ కనపడలేదు. దుమ్ము కాస్త పలచబడ్డాక చూస్తే, మంద అంతా అటూ ఇటూ చీలి పారిపోయింది. మధ్యలో ఒక్క పోలమ్మ నిలబడి ఉంది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులా బారజాపి, వాటి మధ్య నాలుగు గుడ్లూ, ఒక మనవరాలూ. దొర దగ్గరికి రాగానే ఆవిడ తీరిగ్గా అటు తిరిగి వెనకకాళ్ళు రెండూ ఎత్తి ఒక్కటిచ్చుకుంది. అంత ముసలి మోకాళ్ళలో అంత బలం ఎక్కడ దాచిందో మరి, దొర గూటితో సహా మడుగు దాటి, కుడిగట్టు ఊబిలో పీకలదాకా దిగబడ్డాడు.

అప్పుడు పైనుంచి వినపడింది.

"ఖక్."

ఆలస్యంగానే అనుకోండి. కాని ఆ యేడు అంత మంచి ముక్క మాచయ్య నోట ఇంకోటి రాలేదు.

ఊబిలోంచి లేచిన దొర గూడు తలమీద పెట్టుకునే పక్క అడవికి పోయాడు. అక్కడివాళ్ళు అదేదో కొత్తరకం జంతువని పిల్లల్ని తెచ్చి చూపించుకున్నారట. మా శాలువా అన్ని అడవులూ తిరుగుతోందని గిజిగాళ్ళు ఇప్పటికీ గొప్పలు పోతాయి. నాంచారయ్య మర్నాడే చెవి వెనక మోదుగుపువ్వు పెట్టుకుని సంఘంలో చేరతానని వచ్చాడు. కాపలాకి నిలబడతావా అని అడిగితే, అధ్యక్ష పదవి ఖాళీ ఉందేమో కనుక్కుందామని వచ్చానన్నాడు. పందులు సాగనంపాయి.

అదలా ఉంచండి, ఆ సాయంత్రం సంగతి చెబుతాను. అందరూ ఒక్కొక్కరే రొప్పుతూ తిరిగొచ్చారు. తిత్తమ్మ పోలమ్మ చెవి దగ్గరికి వెళ్ళి గట్టిగా అడిగింది.

"అత్తా, అందరూ పరిగెడితే నువ్వెందుకు నిలబడ్డావు?"

"ఆఁ? నువ్వు అరిచావా?" అంది పోలమ్మ. "నాకు వినపడలేదే తల్లీ. చెవుడు కదా."

అక్కడెక్కడో ఆకాశంలో, చిటారుకొమ్మన, ఆకులకి కూడా వినపడనంత సన్నగా మాచయ్య గొణుక్కుంటున్నాడు. "ఇక సంఘానికి ఏ మొహం చూపించను..."

"ఆ నల్లమొహమే చూపించు," అంది పోలమ్మ తల ఎత్తకుండా. "ఇంకోటి ఎక్కణ్ణించి తెస్తావు?"

తిత్తమ్మ ఆవిడకేసి చూసింది. పోలమ్మ గబగబా నెమరెయ్యడం మొదలుపెట్టింది.

ఆ రోజు అందరూ కడుపునిండా తాగారు. అందరూ వెళ్ళాక మాచయ్య కిందికి దిగాడు. చెవి వెనక ఏమీ లేదు. నీళ్ళ అంచున తిత్తమ్మ ఒక్కతే ఉంది.

"ముందు నువ్వు తాగు తిత్తమ్మా. నేను చూస్తుంటాను."

"నిన్ను నమ్మొచ్చా?"

"రేపు చూసి చెప్పు."

తిత్తమ్మ నీళ్ళలో ముక్కు పెట్టింది. మాచయ్య తుంగవంక రెప్పవెయ్యకుండా చూశాడు. సరిగ్గా అప్పుడే అతని కాళ్ళ దగ్గర గుడ్డు పెంకు విచ్చుకుని గోరంత పిల్ల బయటికొచ్చింది. తడి రెక్కలు దులుపుకుంది, ఎదురుగా ఉన్న నల్లమొహాన్ని ఎగాదిగా చూసింది, చూసి కొండ అదిరిపోయేలా కూసింది.

"ఏమంటోంది?" అన్నాడు మాచయ్య బెదిరిపోయి.

"విమర్శ," అంది తిత్తమ్మ. "సిద్ధాంతపరంగా కాదులే. దాని గుడ్డుపెంకు మీద కాలేశావు, తియ్యమంటోంది."

మాచయ్య కాలు తీశాడు.

నీతి: ఎవరిమీద అరవాలో వాళ్ళే శాలువా పట్టుకుని వస్తుంటే, భుజాలు చాచేముందు ఏ కొమ్మదాకా దిగామో చూసుకోవాలి.